ఉద్యోగుల కాన్ఫిడెన్స్ పెంచుతామన్న ఆన్‌లైన్ ప్రోగ్రామ్: టీమ్‌తో వాడి చూశాక రాసిన రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడు. అందులో రెండు స్టార్లు ఒకే ఒక్క ఫీచర్‌కి, దాని గురించి కింద కాస్త ఎక్కువే రాశాను, టైమ్ లేనోళ్ళు మధ్యలో ఉన్న స్టెప్ ప్లాన్ దగ్గరికి వెళ్ళిపోండి. ప్రోగ్రామ్ పేరు మాత్రం రాయట్లేదు, ఇక్కడ నేను తిట్టబోయేవాటిలో సగం ఈ టైపు ప్రోగ్రామ్‌లు వేరేవాళ్ళవి డెమోలు చూసినప్పుడు కూడా కనిపించాయి కాబట్టి ఒక్కళ్ళనే బజారుకీడ్చడం ఎందుకులే అని.

సంగతేంటంటే మా ఆఫీస్‌లో ఎంగేజ్‌మెంట్ స్కోర్లు, అంటే ఉద్యోగులు మనసుపెట్టి పనిచేస్తున్నారా అని కొలిచే మార్కులు, పడిపోయాయని హెచ్‌ఆర్ వాళ్ళు కంగారుపడి ఏదో ఒకటి చెయ్యాలి కదా అని దీన్ని కొన్నారు, కొని నాలాంటి టీమ్ లీడ్‌లకి లాగిన్లు పంచి మీ టీమ్‌తో చేయించండి అన్నారు. వాళ్ళ సేల్స్ ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడే "తన పని మీద తనకి నమ్మకం ఉన్న ఉద్యోగి పనిలో లీనమవుతాడు" అని. మాట అబద్ధం కాదు. కానీ ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరివల్ల పోతుంది అనేది వదిలేసి నమ్మకం తక్కువున్న మనిషిని బాగుచేస్తే సరిపోతుంది అన్నట్టు దీన్ని తయారుచేశారు, నా పేచీ అంతా అక్కడే.

ఇందులో ఏముంటాయంటే మొదట ఒక సర్వే, తర్వాత వీడియో మాడ్యూల్స్, ఆ తర్వాత ఒక్కో ఉద్యోగికి స్టెప్ ప్లాన్, ఇంకొకళ్ళ పక్కన కూర్చుని పని చూసే షాడోయింగ్, చివర్లో మేనేజర్లకి డాష్‌బోర్డ్. ఒక క్వార్టర్ పైనే వాడాం మేము, అంటే లాగిన్ అయ్యి రెండు వీడియోలు చూసి రాస్తున్న రివ్యూ కాదిది.

సర్వే సంగతి. రెండు ముక్కలుగా ఉంటుంది, ఎంగేజ్‌మెంట్ ఒకటి, కాన్ఫిడెన్స్ ఒకటి. ఎంగేజ్‌మెంట్ ముక్క బాగుంది, నిజంగా బాగుంది. నెదర్లాండ్స్‌లోని ఊట్రెక్ట్ యూనివర్సిటీలో షాఫెలీ వాళ్ళ టీమ్ తయారుచేసిన స్కేల్ ఒకటుంది, మొదట 2002లో 17 ప్రశ్నలతో వచ్చింది, తర్వాత 2006లో 9 ప్రశ్నలకి కుదించారు, ఇందులో ప్రశ్నలన్నీ ఆ దారిలోనే నడుస్తాయి. పొద్దున లేవగానే పనికెళ్ళాలనిపిస్తుందా, చేసే పని చూసుకుంటే గర్వంగా ఉంటుందా, పనిలో పడితే మైమరిచిపోతారా, ఇలా మూడు వైపుల నుంచి అడుగుతారు, ఉత్సాహం, అంకితభావం, లీనమవడం అని. ప్రతిదానికీ ఎప్పుడూ లేదు అనే 0 నుంచి రోజూ అనే 6 దాకా మార్కులు. నాకు ఇందులో నచ్చిందేంటంటే మీరు సంతృప్తిగా ఉన్నారా అని అడగదు. జీతం టైమ్‌కి పడుతోంది, ఎవరూ గెలకట్లేదు, ఇంటికి తొందరగా పోతున్నా అనుకునేవాడు కూడా సంతృప్తిగా ఉన్నానంటాడు, వాడు పనిలో ఉన్నాడా లేదా అన్నది వేరే ప్రశ్న.

కాన్ఫిడెన్స్ ముక్క దగ్గరికొచ్చేసరికి కథ మారింది. అన్నీ పెద్ద పెద్ద మాటలు. ఎలాంటి సమస్య వచ్చినా ఎదుర్కోగలను, కష్టపడితే ఏదైనా సాధించగలను, ఈ వరస. మనిషి మొత్తంగా ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి ఇలాంటివి పనికొస్తాయి, ష్వార్జర్, జెరూసలెం అనే ఇద్దరు రూపొందించిన 10 ప్రశ్నల స్కేల్ ఒకటి ఇందుకోసమే చాలా దేశాల్లో వాడతారు కూడా. కానీ ఆఫీస్‌లో ఒక పని మీద ఒక మనిషికున్న నమ్మకం ఎంత అని తెలుసుకోవాలంటే అది చాలదు. ఒక పని నేను చేయగలను అనే ఈ నమ్మకాన్ని సెల్ఫ్ ఎఫికసీ అంటారు, ఈ కాన్సెప్ట్‌కి మూలపురుషుడు ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్, ఆయనే 2006లో స్కేళ్ళు ఎలా తయారుచేయాలో ఒక గైడ్ రాసి మరీ చెప్పాడు, అందరికీ ఒకటే కొలత పెట్టకండి, ఏ పని గురించి అడుగుతున్నారో ఆ పని గురించే అడగండి, చేస్తారా అని కాదు చేయగలరా అని అడగండి, 0 నుంచి 100 దాకా అంకె వేయమనండి అని. ప్రోగ్రామ్ వాళ్ళు ఆయన ఫోటో మొదటి మాడ్యూల్‌లో పెట్టుకున్నారు గానీ ఆయన చెప్పిన పద్ధతి సర్వేలో పెట్టుకోలేదు.

దీనివల్ల ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తా. మా దగ్గర అకౌంట్స్‌లో ఒకావిడ ఉన్నారు. రెండు లెడ్జర్లు టాలీ అవకపోతే, అందరూ గంటలు గంటలు కొట్టుకుని వదిలేసిన షీట్ ఆవిడ ముందు పెడితే, చూపుడువేలు స్క్రీన్ మీద పైనుంచి కిందకి జరుపుకుంటూ పోయి "ఇదిగో ఈ ఎంట్రీ రెండుసార్లు పడింది" అంటారు, అంత ఈజీగా. అదే ఆవిడ క్లయింట్ కాల్‌లో ఉన్నారనుకోండి, నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది, పక్కనోళ్ళకి చాట్‌లో జవాబు టైప్ చేసి పెడతారు మీరు చెప్పండి అని, జవాబు మాత్రం కరెక్టే ఉంటుంది. ఇప్పుడు ఈవిడ్ని "ఎలాంటి సమస్యనైనా ఎదుర్కోగలరా" అని అడిగితే ఏం టిక్ పెడతారు? మధ్యలో పెడతారు. పెట్టారు కూడా. రిపోర్ట్‌లో యావరేజ్ కాన్ఫిడెన్స్ అని వచ్చింది, నిజానికి ఆవిడకి ఒక పనిలో 95, ఇంకో పనిలో 20, ఈ రెండూ కలిపి సగటు తీసి ఈవిడకి మోటివేషన్ వీడియోలు చూపించండి అని రికమెండేషన్. తల పట్టుకున్నా.

వీడియోలు. మొదటి మాడ్యూల్ మెచ్చుకోవాలి. బందూరా 1977లో రాసిన పేపర్‌లో మనిషికి తన సామర్థ్యం మీద నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందని చెప్పాడు కదా, అది చక్కగా వివరించారు. స్వయంగా చేసి గట్టెక్కిన అనుభవం, తనలాంటివాడు చేస్తుంటే చూడడం, నమ్మకమున్నవాళ్ళు నువ్వు చేయగలవని చెప్పడం, నాలుగోది ఒంట్లో మనసులో ఉన్న స్థితి, అంటే గుండె దడ, అలసట, మూడ్ ఇలాంటివి. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే, చేసి గెలిచిన అనుభవం. పాముల భయం ఉన్నవాళ్ళ మీద ఆయన చేసిన ప్రయోగాల ముక్క కూడా పెట్టారు, భయమున్నవాళ్ళకి పక్కన మనిషి తోడుండి అంచెలంచెలుగా పాముని తాకేదాకా తీసుకెళ్తే వచ్చిన మార్పు ఊరికే చూసినవాళ్ళలో అంత రాలేదు. ఇదంతా ఎంచక్కా చెప్పి, నాలుగింటిలో ఏది గొప్పదో వాళ్ళ నోటితోనే ఒప్పుకుని, తర్వాత మాడ్యూల్స్ అన్నిట్లో ఏం చేశారో తెలుసా? మూడోదాన్ని పట్టుకుని వేలాడారు. మ్యూజిక్ పెట్టి, ఎవరో కొండ ఎక్కుతుంటే చూపించి, మీలో శక్తి ఉంది, మీరు అనుకుంటే సాధిస్తారు, లే, నిలబడు, పరిగెత్తు. కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టు.

మాట సాయం అస్సలు పనికిరాదని నేననట్లేదు. ఎవరంటున్నారు, దేన్ని చూసి అంటున్నారు అనేది ముఖ్యం. నా పని చూసిన సీనియర్ వచ్చి "నువ్వు పోయిన నెల ఆ మైగ్రేషన్‌లో రోల్‌బ్యాక్ ప్లాన్ రాశావు కదా, ఇది దానికంటే చిన్నది, చేసేస్తావు" అంటే అది లోపలికి దిగుతుంది. నన్నెప్పుడూ చూడని మనిషి వీడియోలో నుంచి వేలు చూపించి నువ్వు సింహానివి అంటే నవ్వొస్తుంది. ఇంకోటేంటంటే చేతకాని పనిలోకి మాటలతో ఊదరగొట్టి తోసేస్తే, వాడక్కడ బోల్తా పడితే, ఉన్న నమ్మకం కూడా పోతుంది, ఆ తర్వాత ఎవరేం పొగిడినా వినడు.

సరే, అసలు విషయానికి వస్తా, స్టెప్ ప్లాన్. ఇది మెనూలో ఎక్కడో మూల అడ్వాన్స్‌డ్ టూల్స్ కింద పడేశారు, ఎందుకో ఆ దేవుడికే తెలియాలి, డెమోలో కూడా దీని గురించి ఎవరూ నోరెత్తలేదు. ఇందులో ఏం చెయ్యాలంటే ఉద్యోగి, లీడ్ ఇద్దరూ కూర్చుని అతనికి భయమున్న ఒక్క పని ఎంచుకోవాలి, ఒక్కటే, దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. ప్రతి మెట్టుకీ ముందు యాప్ అడుగుతుంది, ఇది చేయగలనని ఎంత నమ్మకం, 0 నుంచి 100లో చెప్పండి అని. చేశాక మళ్ళీ అడుగుతుంది. అంతే ఫీచర్. ఇందులో మ్యూజిక్ లేదు, కొండలూ లేవు.

మా సపోర్ట్ డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, టికెట్లు రాయడంలో దిట్ట, కానీ ఎస్కలేషన్ కాల్ అంటే చాలు వాష్‌రూమ్‌కి వెళ్ళొస్తా అంటాడు. కోపంగా ఉన్న కస్టమర్ లైన్‌లో ఉంటాడు, అది ఎవరికైనా కష్టమే. వాడికి మేం వేసిన మెట్లు ఇవి. ముందు నా కాల్స్‌లో మ్యూట్‌లో కూర్చుని వినడం, అంతకంటే ఏం చేయక్కర్లేదు. తర్వాత కాల్ అయిపోయాక కస్టమర్‌కి పంపే నోట్ వాడే రాయడం. ఆ తర్వాత కాల్ మొదట్లో పలకరింపు, సమస్య ఏంటో మళ్ళీ చదివి వినిపించడం వరకు వాడు, మిగతాది నేను. ఆ తర్వాత మొత్తం వాడే, నేను అదే లైన్‌లో మ్యూట్‌లో. ఆఖరికి ఒక్కడే.

మొదటి మెట్టుకి ముందు 70 వేశాడు, వినడమే కదా అని. విన్నాక మొత్తం కాల్ చేయగలవా అన్న ప్రశ్నకి అంతకుముందు 50 వేసినవాడు 30కి దించాడు. డాష్‌బోర్డ్‌లో వెంటనే ఎర్ర బాణం, నమ్మకం పడిపోతోంది జాగ్రత్త అని. నాకైతే అది మంచిదే అనిపించింది, అంతకుముందు వేసిన 50 గుడ్డిగా వేసింది, కాల్ ఎలా ఉంటుందో తెలియకుండా వేసింది, ఇప్పుడు వేసిన 30 కళ్ళు తెరిచి వేసింది. అక్కణ్ణుంచి అంకె నిదానంగా పైకొచ్చింది, మధ్యలో ఒక కాల్ చెడింది, కస్టమర్ అరిచాడు, వీడు బిగుసుకుపోయాడు, నేను మ్యూట్ తీసి అందుకున్నా. నేను ఆ మెట్టు దింపలేదు, ఎక్కడ ఆగిపోయాడో చూశాం, రీఫండ్ ఎంతవరకు ఒప్పుకోవచ్చో వాడికి తెలియదు, అందుకే నోరు పెగల్లేదు. అంటే అది ధైర్యం సమస్యే కాదు! పవర్ ఎంతుందో ఎవరూ చెప్పలేదు వాడికి. ఒక చిన్న టేబుల్ చేసి మానిటర్ పక్కన అంటించాం, ఏ కేసులో ఎంతవరకు నువ్వే ఓకే అనొచ్చు, ఎక్కడ నన్నడగాలి అని. తర్వాతి కాల్‌లో వాడి కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

ఎంగేజ్‌మెంట్‌కి దీనికి లింకేంటి అంటారేమో. ఒంటరిగా కాల్స్ తీసుకోవడం మొదలెట్టాక వీడు మీటింగుల్లో మాట్లాడ్డం మొదలెట్టాడు. ఒకే రకం కంప్లయింట్ మళ్ళీ మళ్ళీ వస్తోంది, ప్రొడక్ట్ టీమ్‌కి చెప్దాం అన్నాడు, వాడంతట వాడే టికెట్లు ఏరి ఒక షీట్ చేసుకొచ్చాడు. అంతకుముందు ఎస్కలేషన్ వస్తుందేమో అన్న భయంతోనే సగం ఎనర్జీ పోయేది వాడికి, షిఫ్ట్ అయిపోతే చాలు అన్నట్టుండేవాడు. మనం బద్ధకం అని ముద్రవేసేవాటిలో చాలావరకు ఇలాంటివే ఉంటాయని నా అనుమానం.

షాడోయింగ్ కూడా ఐడియా మంచిదే, సెట్టింగ్ తప్పు. డిఫాల్ట్‌గా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే ఆ పనిలో టాప్ పెర్ఫార్మర్ ఎవరో చూసి వాళ్ళతో జత కలుపుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది గానీ ఫలితం రివర్స్. ఏళ్ళ తరబడి చేసి చేసి ఆరితేరినావిడ కాల్ మాట్లాడుతుంటే చూసి కొత్తోళ్ళు అనుకునేది "అమ్మో ఇది మనవల్ల కాదు" అని. చూసి నేర్చుకునేదాంట్లో అసలు కిటుకు ఆ చేసేవాడు నాలాంటివాడే అనిపించడం. అందుకే మేం చేత్తో మార్చుకున్నాం, ఈమధ్యే అదే పని తడబడుతూ నేర్చుకున్నవాళ్ళతో జత కలిపాం. వాళ్ళు పని చేస్తూ చేస్తూ "ఇక్కడ నేను కూడా మొదట్లో ఇరుక్కున్నా, ఈ ఫీల్డ్ ఖాళీగా వదిలితే సేవ్ అవ్వదు" లాంటివి చెప్తారు, ఎక్స్‌పర్ట్‌కి అవి గుర్తే ఉండవు. జత మార్చాలంటే అడ్మిన్ పర్మిషన్ కావాలి, ప్రతిసారీ రిక్వెస్ట్ పెట్టాలి, అదో తలనొప్పి.

నాలుగోదానికి, అంటే ఒత్తిడికి, ఇచ్చిన మాడ్యూల్‌లో ఊపిరి పీల్చి వదిలే ఎక్సర్‌సైజు ఉంది. పర్లేదు. చేసుకోవచ్చు.

కానీ గుండె దడ వచ్చేది ఊపిరి పీల్చడం రాక కాదు కదండీ, ఒక మనిషి మీద ముగ్గురి పని పెడితే వస్తుంది. ఈ మొత్తం ప్రోగ్రామ్‌లో పని ఎంతుంది, టూల్స్ ఉన్నాయా, మేనేజర్ సపోర్ట్ ఉందా, తన పని గురించి తను నిర్ణయం తీసుకునే వీలుందా అనే ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఇది కొత్త విషయం కూడా కాదు. 2001లో డెమెరూటీ, బాకర్ అనే పరిశోధకులు వాళ్ళ టీమ్‌తో పని డిమాండ్లు ఒకవైపు, పనికి దొరికే వనరులు ఒకవైపు పెట్టి ఒక మోడల్ చెప్పారు, డిమాండ్లు పెరిగితే మనిషి అలసి కాలిపోతాడు, వనరులు లేకపోతే పని నుంచి మనసు తప్పుకుంటుంది అని. 2007లో గ్జాంథొపూలూ అనే పరిశోధకురాలి టీమ్ దానికి ఇంకో ముక్క కలిపింది, మనిషి లోపలున్న వనరులు, అంటే తన సామర్థ్యం మీద నమ్మకం, సంస్థలో తనకో విలువుందన్న భావన, మంచి జరుగుతుందన్న ఆశ. బయట వనరులు బాగుంటే ఈ లోపలి వనరులు పెరుగుతాయి, అవి పెరిగితే ఎంగేజ్‌మెంట్ పెరుగుతుంది. అదే టీమ్ 2009లో కొంతకాలం గ్యాప్‌తో మళ్ళీ కొలిచి చూస్తే ఇది రెండువైపులా నడుస్తోందని తేలింది, పనిలో లీనమైనవాళ్ళకి తర్వాత నమ్మకం, వనరులు కూడా పెరుగుతున్నాయి. ప్రోగ్రామ్ స్లైడ్‌లో మాత్రం బాణం ఒకటే, ఒకవైపే, నమ్మకం నుంచి ఎంగేజ్‌మెంట్‌కి. ఆ ఒక్క బాణం పట్టుకుని మేనేజ్‌మెంట్ ఏమనుకుంటుందంటే స్కోర్ తక్కువుంటే లోపం ఉద్యోగిదే, వాడికి ట్రైనింగ్ ఇచ్చేశాం, ఇంక మా పని అయిపోయింది.

ఎంగేజ్‌మెంట్ అనే మాటకి అకడమిక్‌గా పునాది వేసింది విలియమ్ కాన్ అంటారు, 1990లో, ఒక సమ్మర్ క్యాంప్‌లో పిల్లల్ని చూసుకునేవాళ్ళనీ ఒక ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లో పనిచేసేవాళ్ళనీ దగ్గరగా గమనించి రాశాడు. మనిషి తన్ను తాను పూర్తిగా పనిలో పెట్టాలంటే మూడు కావాలన్నాడు, ఈ పనికి అర్థముందా, నేను నాలా ఉంటే ఇక్కడ సేఫేనా, నాలో ఇప్పుడు అంత శక్తి మిగిలుందా. నమ్మకం సంగతి ఆ మూడోదాంట్లో ఒక భాగంగా వస్తుంది, మొత్తం అదే కాదు. మా అకౌంట్స్ ఆవిడ సంగతి మళ్ళీ చూస్తే, కాల్‌లో మాట్లాడకపోవడానికి ఒక కారణం ఎప్పుడో ఒక మీటింగ్‌లో ఆవిడ చెప్పిన అంకెని ఒక పెద్దాయన అందరి ముందు కొట్టిపారేయడం, ఆవిడ చెప్పిందే కరెక్టని తర్వాత తేలినా ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. దీనికి ఏ మాడ్యూల్ చూపించాలి? ఆవిడకా, ఆయనకా?

ఇక డాష్‌బోర్డ్, దీనికి నా వైపు నుంచి సున్నా. ఒక్కో ఉద్యోగికీ రంగు, పచ్చ, పసుపు, ఎరుపు. మేనేజర్ లాగిన్‌లో ఎవరి కాన్ఫిడెన్స్ ఎంతో కనిపిస్తుంది. పేర్లు కనిపించవు అని మొదట్లో చెప్పారు, నిజమే, పేర్లు కనిపించవు, కానీ ఐదుగురున్న టీమ్‌లో రోల్, సీనియారిటీ కనిపిస్తే పేరెందుకు? అప్రైజల్ టైమ్ దగ్గరపడుతుండగా పక్క టీమ్ మేనేజర్ ఒకాయన స్క్రీన్ షేర్‌లో ఈ పేజీ ఓపెన్ చేసి పెట్టుకున్నాడు, అందరూ చూశారు. తర్వాత రౌండ్ సర్వేలో ఆ టీమ్ అంతా పచ్చే. ఒక్కళ్ళకీ ఏ భయమూ లేదు, ఎలాంటి సమస్యనైనా ఎదుర్కొంటారట! వెండర్ వాళ్ళు దాన్ని సక్సెస్ స్టోరీగా స్లైడ్‌లో వేసుకున్నారు. జనం టిక్ ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నారండీ, అంతకుమించి అక్కడ పెరిగిందేమీ లేదు. నాకు తెలియదు, నాకు సాయం కావాలి అని చెప్పే ఒక్క దారీ ఆ సర్వేతో మూసుకుపోయింది.

అంకెల గురించి ఒక మాట, ఎందుకంటే సేల్స్ వాళ్ళు ఇది బాగా వాడతారు. పెర్ఫార్మెన్స్ 28 శాతం పెరుగుతుంది అని ఒక లైన్ ఉంటుంది. అది ఊరికే పుట్టించింది కాదు, 1998లో స్టాజ్‌కోవిచ్, లూథన్స్ అనే ఇద్దరు 114 పరిశోధనల్ని కలిపి చూసి చెప్పింది, నమ్మకానికీ పని పెర్ఫార్మెన్స్‌కీ మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయన్న కొలత, 0.38 వచ్చింది, 28 శాతం అనేది దాన్నే ఇంకో రకంగా చెప్పడం. అదే పేపర్‌లో ఇంకో ముక్క ఉంది, పని క్లిష్టంగా ఉన్నకొద్దీ ఈ సంబంధం బలహీనపడుతుంది అని, అది స్లైడ్‌లో ఉండదు. ఇంకా ఏంటంటే సహసంబంధం అంటే ఈ ప్రోగ్రామ్ కొంటే అంత పెరుగుతుందని కాదు, పని బాగా చేసేవాడికి నమ్మకం వస్తుంది, నమ్మకం ఉన్నవాడు బాగా చేస్తాడు, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఈ మాట నేను డెమోలో అడిగితే సేల్స్ అతను మంచి ప్రశ్న సార్ అని తర్వాత స్లైడ్‌కి వెళ్ళిపోయాడు.

నమ్మకం ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఎవరూ మాట్లాడరు. వాంకూవర్ అని ఒక సైకాలజిస్ట్, 2002లో వచ్చిన పేపర్‌లో మాస్టర్‌మైండ్ అనే గేమ్ పెట్టి చూశారు, రంగుల వరస ఊహించే ఆట అది, అదే మనిషిలో ఒక రౌండ్‌కి నమ్మకం పెరిగినప్పుడు తర్వాత రౌండ్‌లో ధీమా పెరిగి తప్పులు ఎక్కువయ్యాయని చూపించారు. మొత్తంగా చూస్తే నమ్మకం మంచిదే, కానీ ఇంక నాకు తెలుసులే అనుకున్న చోట ప్రిపరేషన్ తగ్గుతుంది. మా రిలీజ్‌ల్లో చెక్‌లిస్ట్ దాటవేసేది ఎప్పుడూ కొత్తవాళ్ళు కాదు. స్కోర్ 100 వచ్చినవాళ్ళకి యాప్ బ్యాడ్జ్ ఇస్తుంది, ఆ బ్యాడ్జ్ బదులు "చివరిసారి ఎవరితో చెక్ చేయించారు" అని ఒక ప్రశ్న అడిగితే ఎంతో నయం.

మిగతా చిన్నాచితకా: మొబైల్ యాప్ స్లో, వీడియో మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. రిమైండర్ మెయిల్స్ విపరీతం, "మీ ఎంగేజ్‌మెంట్ మాడ్యూల్ పెండింగ్‌లో ఉంది" అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది, పని మధ్యలో ఆ మెయిల్ చూస్తే ఉన్న ఎంగేజ్‌మెంట్ కూడా పోతుంది. కస్టమర్ సపోర్ట్ మాత్రం బాగుంది, ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, తెలియకపోతే తెలియదు అంటారు, వాళ్ళకి ఈ ప్రోగ్రామ్ అవసరం లేదు.

ఎవరు తీసుకోవచ్చు అంటే, టీమ్ లీడ్‌కి వారంలో కొంచెం టైమ్ కేటాయించి ఒక్కో మనిషితో కూర్చునే వీలుంటే తీసుకోండి, స్టెప్ ప్లాన్ ఒక్కటి వాడుకోండి, మిగతావి ముట్టుకోకపోయినా నష్టం లేదు. నిజం చెప్పాలంటే స్టెప్ ప్లాన్‌కి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, కాగితం మీద మెట్లు రాసుకుని పక్కన అంకె వేసుకున్నా నడుస్తుంది, యాప్ ఉంటే గుర్తుచేస్తుంది అంతే. లీడ్‌లకి ఊపిరి సలపని ఆఫీస్ అయితే, వీడియోలు చూపించేసి పని కానిచ్చేద్దాం అనుకుంటే, వద్దు. ఆ డబ్బుతో ఇంకొక మనిషిని తీసుకోండి, పని కాస్త పంచితే సర్వే స్కోర్లు వాటంతటవే కదులుతాయి.

మా దగ్గర రెన్యువల్ ఇప్పుడు చర్చలో ఉంది. లీడ్‌లందరం కలిసి హెచ్‌ఆర్‌కి మూడు షరతులు రాసిచ్చాం. కాన్ఫిడెన్స్ ప్రశ్నలు మా పనులకి తగ్గట్టు మేమే రాసుకునేలా ఉండాలి, మనిషి వారీ స్కోర్లు మేనేజర్లకి కనిపించకూడదు, సర్వేలో పనిభారం, టూల్స్, మేనేజర్ సపోర్ట్ గురించి కూడా అడగాలి, ఆ జవాబులు పై మేనేజ్‌మెంట్‌కి వెళ్ళాలి. మొదటిది వెండర్ వాళ్ళు చేసిస్తామన్నారు. రెండోది సెట్టింగ్స్‌లో ఆల్రెడీ ఉందట, మావాళ్ళే ఆన్ చేయలేదట. మూడోదానికి వెండర్ ఓకే, మా మేనేజ్‌మెంట్ నుంచే ఇంకా ఉలుకూ పలుకూ లేదు.